కోర్టులో గారూ లేదు, అండీ లేదు

నాకు నెమ్మదిగా చెప్పడం చేతకాదు. ఇరవై నాలుగు సెకన్లలో బంతిని రింగు వైపు వెయ్యకపోతే లాక్కుని ఎదుటివాళ్ళకి ఇచ్చేసే ఆట ఆడినదాన్ని. అందుకని సూటిగా మొదలుపెడుతున్నాను. నా పేరు దుర్గ. మాది బందరు, గిలకలదిండి. పదకొండేళ్ళు విదేశీ లీగుల్లో బాస్కెట్‌బాల్ ఆడి కిందటేడు మానేశాను. నాకు మానాలని లేదు, మోకాళ్ళు ఇక మా వల్ల కాదన్నాయి. ఇప్పుడు వారంలో మూడు రోజులు బందరులో, మూడు రోజులు గుడివాడలో ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను. అవనిగడ్డ నుంచీ, నాగాయలంక నుంచీ పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు నిజంగా బయటి దేశాల దాకా వెళ్ళే సరుకు. ఆ ఇద్దరి కోసం ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

ఎన్ని పాయింట్లు కొట్టానో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవన్నీ మా అమ్మ ట్రంకు పెట్టెలో కత్తిరించి దాచింది. ఇంటికొచ్చి అడిగితే టీ ఇచ్చి మరీ చూపిస్తుంది, వద్దన్నా వదలదు. నేను చెప్పేది ఆ ఉద్యోగం అసలు ఎలా ఉంటుందో. అబ్బ, ఎంత బాగుంటుందో! పదకొండేళ్ళలో ఒక్క పొద్దున కూడా "ఇవాళ ప్రాక్టీసుకి వెళ్ళాలా" అని విసుక్కోలేదంటే నమ్మండి. తన్నులు తిన్నాను, ఏడ్చాను, ఒకసారి నా మూలంగా ఒక మంచి మనిషి పక్కటెముక విరిగింది. అయినా మళ్ళీ పుట్టమంటే ఇదే పనికి పుడతాను.

ఇంపోర్టు అంటే

బయటి లీగుల్లో ఒక్కో జట్టులో ఒకరో ఇద్దరో విదేశీ ఆటగాళ్ళు ఉంటారు. వాళ్ళని ఇంపోర్టు అంటారు. మాట వినడానికి సరుకులా ఉందని నాకు మొదట్లో ఒళ్ళు మండేది. కానీ లెక్క అదే. ఊరి పిల్లల్ని కాదని నిన్ను తెచ్చుకున్నారు కాబట్టి గెలిస్తే జట్టు గెలిచినట్టు, ఓడితే నువ్వు ఓడినట్టు. సీజన్ మధ్యలో కూడా "ఇక చాలమ్మా" అని టికెట్టు చేతిలో పెట్టొచ్చు. ఇది అన్యాయం అని కూర్చుని బాధపడేవాళ్ళు ఈ పనికి రావద్దు.

పొద్దున ఒక ప్రాక్టీసు, సాయంత్రం ఒక ప్రాక్టీసు, మధ్యలో నిద్ర. ఆ మధ్యాహ్నం నిద్ర పోనివాళ్ళు ఎవరూ మూడేళ్ళు దాటి ఆడగా నేను చూడలేదు. వండుకోవడం రావాలి. నేను పెట్టెలో గోంగూర పచ్చడి సీసా వేసుకుని వెళ్ళేదాన్ని, ఒకసారి అది విమానంలో పగిలి నా బూట్లన్నీ ఎర్రగా అయ్యాయి. సీజన్ మొత్తం మా జట్టు బస్సులో ఆకలి వేసే వాసన వచ్చేదట.

ఒంటరితనం గురించి మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. ప్రాక్టీసు అవగానే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఫోనులో ఊరివాళ్ళతో మాట్లాడుతూ కూర్చున్న పిల్లలు రెండు నెలల్లో ఇంటికి తిరిగొచ్చారు. మంచి ఆటగత్తెలు వాళ్ళు, నాకన్నా మంచివాళ్ళు. జట్టు ఎక్కడ తింటే అక్కడ తినండి. భాష రాకపోయినా పక్కన కూర్చోండి. వాళ్ళు నవ్వితే మీరూ నవ్వండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

మా ఊరి గాలి

నా మొదటి దేశం థాయ్‌లాండ్. అక్కడ మొదటి వారంలోనే నా పరువు గంగలో కలిసింది.

బందరులో నేను ఆట నేర్చుకున్నది ఆరుబయట సిమెంటు కోర్టులో. సాయంత్రం నాలుగు దాటితే సముద్రం మీంచి గాలి కొడుతుంది. బంతిని పైకి ఎత్తి వేశామా, అది రింగు దాటి పక్క డాబా మీదికి పోయేది. ఆ డాబా మామ్మగారు బంతి తిరిగి ఇవ్వడానికి గంట తిట్టేవారు. అందుకని మా పీటీ మాస్టారు "ఎత్తకండే, కిందగా కొట్టండి!" అని నేర్పారు. మేమంతా రాయి విసిరినట్టు సూటిగా, తక్కువ ఎత్తులో కొట్టేవాళ్ళం. భలే పడేవి! ఆ షాటుతోనే జిల్లా, రాష్ట్రం, దేశం అన్నీ దాటాను. హాలు లోపల ఆడినప్పుడు కూడా నన్ను అడ్డుకునేంత పొడుగువాళ్ళు తగల్లేదు కాబట్టి తప్పు బయటపడలేదు.

థాయ్‌లాండ్‌లో మొదటి ప్రాక్టీసులో ఆరడుగుల రెండంగుళాల అమ్మాయి నా ఎదురుగా నిలబడింది. నేను కొట్టిన ప్రతి బంతినీ దోమని కొట్టినట్టు కొట్టేసింది. తొమ్మిది బంతులు వరసగా. కోచ్ ఐదడుగులు కూడా లేని ఆవిడ. వెళ్ళి హాలు ఊడ్చే పొడుగు చీపురు తెచ్చి నా ముందు నిలబెట్టింది.

"దీని మీదుగా వెయ్యి," అంది.

వేశాను. చీపురుకి తగిలింది.

"ఇలా ఎవరు నేర్పారు?"

"గాలి నేర్పిందండీ," అన్నాను. చెప్పింది అర్థమయ్యాక ఆవిడ నేల మీద కూర్చుని నవ్వింది. తర్వాత ఆరు వారాలు నా చేత ఆ చీపురు మీదుగా వేయించింది. చేతులు పడిపోయేవి. నవ్వి, కూర్చోబెట్టి, మొదటి నుంచి నేర్పిన అలాంటి బాసు దొరికితే కాళ్ళకి దండం పెట్టండి. అరిచేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు.

షాటు మారింది. కానీ నాతోపాటు ఊరి నుంచి వచ్చిన అలవాటు ఇంకొకటుంది. అది కనపడడానికి మూడేళ్ళు పట్టింది.

డోయినా

మూడో ఏడు నేను రొమేనియా వెళ్ళాను. డాన్యూబు నది ఒడ్డున చిన్న ఊరు. పేరు రాయను, ఎందుకంటే వాళ్ళు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తారు, రాస్తే తిడతారు. అప్పటికి నాకు ఇరవై ఐదు. మా కెప్టెన్ డోయినాకి ముప్ఫై ఏడు. పదిహేడో ఏట నుంచి అదే క్లబ్బు, అదే చొక్కా. ఇరవై ఏళ్ళలో ఆ జట్టు ఒక్కసారి కూడా లీగు ఫైనల్ ఆడలేదు. ఆ ఏడుతో మానేస్తున్నానని ఆవిడ సీజన్ మొదట్లోనే చెప్పేసింది. ఇక చూడండి! రొట్టెల కొట్టువాడు, బస్సు డ్రైవరు, నాకు ఇల్లు అద్దెకిచ్చిన ముసలాయన, ఎవరు కనపడినా ఒకటే మాట: ఈ ఏడు డోయినా చేత ఫైనల్ ఆడించాలి. ఊరు ఊరంతా దానికోసమే బతుకుతున్నట్టుండేది.

మా కోచ్ మారిన్ కూడా ఆ కసితోనే నన్ను తెచ్చుకున్నాడు. అరవై దాటిన మనిషి, మ్యాచ్ మొత్తంలో ఒక్క క్షణం కూర్చునేవాడు కాదు. ఆయన ఆట మొత్తం ఒక్క సూత్రం మీద నడిచేది: నోరు తెరవండి. బాస్కెట్‌బాల్‌లో స్క్రీన్ అని ఒకటుంది. మన మనిషి తన ఎదుటి ఆటగత్తెని చూస్తూ వెనక్కి పరిగెడుతుంటుంది. ఎదుటి జట్టులో ఇంకొకతె చప్పుడు చెయ్యకుండా వచ్చి ఆ దారిలో గోడలా నిలబడుతుంది. మన మనిషికి వీపు వెనక కళ్ళుండవు. చూసినవాళ్ళే అరవాలి. మారిన్ నియమం ఏమిటంటే ముందు పేరు, తర్వాత ఆ గోడ ఏ పక్క ఉందో ఆ పక్క. "ఎడమ" అని ఊరికే అరిస్తే నలుగురూ తిరుగుతారు. పేరు అరిస్తే ఒక్కరే తిరుగుతారు.

నేను బాగానే అరిచేదాన్ని. నా ఈడు పిల్లలు ముగ్గుర్నీ అరిచి చంపేసేదాన్ని. కానీ డోయినా దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు.

నవ్వకండి. మీరు కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళు, మీకు తెలుసు. డోయినా మా అమ్మ కన్నా ఆరేళ్ళు చిన్న మనిషి, మా పిన్ని ఈడుది. మా పిన్నిని పేరు పెట్టి పిలిస్తే నా వీపు విమానం మోత మోగేది. మన దేశంలో ఆడినంత కాలం పెద్దవాళ్ళని అక్కా అనో దీదీ అనో అరిస్తే సరిపోయేది. థాయ్‌లాండ్ జట్టులో అంతా నా ఈడువాళ్ళే. ఇక్కడ అక్కా అంటే ఎవరికి తెలుస్తుంది? ఆవిడకి అవసరమైనప్పుడు నేను చెయ్యి ఊపేదాన్ని, చప్పట్లు కొట్టేదాన్ని, పరిగెత్తుకెళ్ళి నేనే అడ్డం పడేదాన్ని. మూడు నెలలు అలాగే నెట్టుకొచ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

"ఏమండీ!"

జనవరి మొదట్లో మా ఊళ్ళోనే మ్యాచ్. హాలు కిక్కిరిసింది. రెండో క్వార్టర్‌లో డోయినా తను కాపలా కాసే ఎదుటి మనిషిని చూస్తూ వెనక్కి పరిగెడుతోంది. ఎదుటి జట్టు పొడుగు పిల్ల, బండరాయి లాంటి మనిషి, ఆవిడ వెనక వచ్చి నిలబడింది. నేను నాలుగడుగుల ముందే చూశాను. టైమ్ ఉంది. పేరు గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఇరుక్కుపోయింది. ఆఖరికి నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా?

"ఏమండీ!"

నిజం! బందరులో ఇల్లాలు వీధి గుమ్మంలోంచి మొగుణ్ణి పిలిచినట్టు, రొమేనియాలో, అంతమంది జనంలో, "ఏమండీ!" అని అరిచాను. డోయినాకి అది తననే అని ఎలా తెలుస్తుంది? పూర్తి వేగంతో వెళ్ళి ఆ పిల్ల మోచేతికి గుద్దుకుంది. చప్పుడు నాకు వినపడింది. ఆవిడ నేల మీద పక్కకి ముడుచుకుపోయి ఊపిరి కోసం నోరు తెరుస్తోంది.

పక్కటెముక విరిగింది. ఆరు వారాలు ఆడకూడదన్నారు.

మ్యాచ్ అయ్యాక మారిన్ నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు, అదే భయంగా ఉంది.

"నువ్వు చూశావు," అన్నాడు.

"చూశాను."

"నలుగుర్లో ముగ్గుర్ని పేరు పెట్టి పిలుస్తావు. నాలుగో మనిషిని పిలవవు. మూడు నెలలుగా చూస్తున్నాను. ఎందుకు?"

చెప్పాను. మా ఊళ్ళో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరని, అది అమర్యాద అని, నాకు నోరు రాలేదని.

"మీ ఊళ్ళో పెద్దవాళ్ళ పక్కటెముకలు విరగ్గొట్టడం మర్యాదా?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. జనవరి నెలాఖరు వరకూ క్లబ్బు ఇంపోర్టుని మార్చుకోవచ్చు. "అప్పటిలోగా నీ గొంతు నాకు వినపడకపోతే టికెట్టు తీస్తాను," అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేం లేదు. ఆయన స్థానంలో నేనుంటే ఆ రోజే తీసేదాన్ని.

పిలిస్తే అరుగుతుందా

రెండు రోజులకి డోయినా మా ఇంటికి వచ్చింది. ఒంటి చుట్టూ పట్టీలు కట్టుకుని, పక్కకి వాలి నడుస్తూ, చేతిలో సూపు గిన్నెతో. విరగ్గొట్టింది నేను, సూపు తెచ్చింది ఆవిడ! నాకు దుఃఖం ఆగలేదు. ఏం చెయ్యాలో తెలియక వంగి ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ నా చేతిలోంచి ఏదో పడిందనుకుని తీసిద్దామని తనూ వంగింది. వంగి కెవ్వుమంది. ఆవిడ నొప్పికి ఏడుస్తూ నవ్వుతోంది, నేను నవ్వుతూ ఏడుస్తున్నాను. మొత్తానికి ఇద్దరం కుర్చీల్లో పడ్డాం.

కాస్త తేరుకున్నాక ఆవిడ చెప్పింది. "దుర్గా, నాకు ఇరవై ఏళ్ళ నుంచి ఒక్క ఫైనల్ బాకీ ఉంది. ఇంక నాకు ఇంకో ఏడు లేదు. నేను తిరిగొచ్చేదాకా మీరు జట్టుని నిలబెట్టాలి. వచ్చాక నా వెనక చూడడానికి నాకు నీ కళ్ళు కావాలి. పేరు పెట్టి పిలువు."

"నాకు రావట్లేదండీ."

"మా అమ్మ నాకు పేరు పెట్టింది పిలవడానికే. పిలిస్తే అరుగుతుందా? ఇప్పుడు పిలువు."

పిలిచాను. ఈగకి కూడా వినపడలేదంది. గది అవతలికి వెళ్ళి పిలవమంది. తలుపు బయట నిలబడి పిలవమంది. తలుపు బయట నిలబడితే ఇంటి ముసలాయన మెట్ల మీద కనపడ్డాడు, ఆయనకి దండం పెట్టి లోపలికొచ్చేశాను. ఆవిడ నెత్తి కొట్టుకోబోయి, పక్కటెముక గుర్తొచ్చి ఆగింది.

గిలకలదిండి నుంచి

నా గొంతు విప్పింది మాత్రం మా అమ్మ. అదీ తనకి తెలియకుండా.

మా అమ్మ సత్యవతి. హార్బరులో వేలంలో చేపలు పాడుకుని మార్కెట్లో అమ్మేది. నాన్న బోటు మీద పోయాక మమ్మల్ని పెంచింది ఆ గంపతోనే. ఒక రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి జరిగిందంతా చెప్పుకుని ఏడుస్తున్నాను. అక్కడ సాయంత్రం అవుతోంది.

"ఆగవే, బోటు ఆలస్యంగా వచ్చింది, పాట మొదలెట్టేశారు," అంటూనే అమ్మ ఫోను కట్టెయ్యకుండా బొడ్లో దోపుకుంది. నేను పెట్టెయ్యబోయాను. అంతలో వినపడింది.

వేలం పాట పాడించేది రాములు మావయ్య. అమ్మకి తమ్ముడి వరస, ఆరేడేళ్ళు చిన్న. పండక్కి ఇంటికొస్తే అమ్మ కూర్చోమనేదాకా కూర్చోడు. ఆ మావయ్య గొంతు ఫోను పగిలేలా వచ్చింది.

"సత్యవతీ! ఏంటి చూస్తున్నావు? పాడతావా, మానతావా? సత్యవతీ!"

"పాడుతున్నాను రాములూ, చెవుడా నీకు!"

అలా ఐదారుసార్లు. పేరు, పాట. పేరు, పాట. ఇటు నుంచి కొందరు, అటు నుంచి కొందరు, ముసలీ ముతకా తేడా లేకుండా అందరి పేర్లూ గాల్లో ఎగురుతున్నాయి. పాట అమ్మ మీద ఖాయమైంది. వెంటనే అదే మనిషి, అదే నోటితో,

"అక్కా, నువ్వు వంగమాక, గంప నేను పెడతాను ఉండు," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. చిన్నప్పటి నుంచి రోజూ విన్నదే! ఒక్కసారైనా ఆలోచించలేదు. ఫోను బొడ్లోంచి బయటికి రాగానే అరిచాను.

"అమ్మా! రాములు మావయ్య నిన్ను పేరు పెట్టి పిలిచాడేంటి?"

"పాట దగ్గర పేరేగా మరి."

"నీకు కోపం రాదా?"

"ఎందుకే కోపం? అక్కయ్య గారూ, తమరేవన్నా పాడతారా అండీ అని అడుగుతా కూర్చుంటే ఈలోగా సరుకు ఇంకోళ్ళ గంపలోకెళ్ళిపోద్ది. పాట దగ్గర పేరు. పాటయ్యాక వరసలు. పిచ్చిమొహమా, ఇదీ తెలీదా నీకు, ఇక్కడే పెరిగావు గదే!"

ఎగిరి గంతేశాను. కింద ఇంటి ముసలాయన కర్రతో కప్పు మీద కొట్టాడు. నా పుట్టింటి మర్యాదలోనే దీనికి దారి ఉంది, నేను చూసుకోలేదంతే! కోర్టు గీత లోపల పేరు. గీత దాటాక వరస.

మర్నాడు ప్రాక్టీసుకి డోయినా పట్టీలతోనే వచ్చి కోర్టు పక్కన నిలబడింది. నేను గీత లోపలికి అడుగు పెట్టి, నోటి చుట్టూ చేతులు గొట్టంలా పెట్టుకుని, హార్బరు గొంతుతో, "డోయినా!" అని అరిచాను. ఆవిడ అదిరిపడింది. మారిన్ నమిలే బబుల్‌గమ్ మింగేశాడు. తర్వాత గీత దాటి బయటికొచ్చి, "సారీ అక్కా," అన్నాను. అక్కా అంటే ఏమిటని అందరూ అడిగారు, చెప్పాను. వారం తిరిగేసరికి జట్టు మొత్తానికి అదే అలవాటైంది. కోర్టు లోపల డోయినా, బయట అక్కా. ఆవిడ వాళ్ళ అమ్మ కూడా ఫోనులో అక్కా అని ఆటపట్టించేదట.

నెలాఖరు దాటింది. టికెట్టు రాలేదు. మారిన్ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

మర్యాద మానెయ్యమని నేను చెప్పట్లేదు, పొరపాటుగా అర్థం చేసుకోకండి. మనం అలా పెరిగాం, అది మంచి పెంపకమే. కానీ ఎదుటి మనిషి ఒంటి మీదికి దెబ్బ వస్తుంటే చూస్తూ నోరు మూసుకోవడం మర్యాద కాదు. అది మన మొహమాటం. దానికి మర్యాద అని పేరు పెట్టుకుని మురిసిపోతుంటాం. నేను మూడు నెలలు మురిసిపోయాను, ఖరీదు ఆవిడ కట్టింది. మీలో ఎవరైనా రేపు ఇంకో దేశంలో ఆడుతూ పెద్దావిడ వెనక గోడ లేస్తుంటే, దయచేసి నన్ను గుర్తు తెచ్చుకుని గొంతు చించుకోండి.

ఫైనల్

ఫిబ్రవరి మధ్యలో డోయినా తిరిగొచ్చింది. అప్పటికి మేము కిందా మీదా పడి నాలుగో స్థానంలో ఉన్నాం. ఆవిడ వచ్చాక మా ఆట చూడాలి! నేను వెనక నుంచి అరవడం, ఆవిడ చూడకుండానే పక్కకి తప్పుకోవడం. సెమీఫైనల్ గెలిచిన రోజు మా బస్సు ఊళ్ళోకి వస్తుంటే జనం వంతెన దగ్గరే ఆపేశారు. డోయినా బస్సు దిగి రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళకి ఫైనల్!

ఐదు మ్యాచ్‌ల ఫైనల్. నాలుగయ్యేసరికి చెరి రెండు. ఐదోది వాళ్ళ హాల్లో. డప్పులూ ఈలలూ కలిసి నా మాట నాకే వినపడని చోట నేను ఆరోజు గొంతు పోయేదాకా అరిచాను. మేము నాలుగు పాయింట్ల ముందున్నాం. ఆఖరి క్వార్టర్ మొదట్లో ఎవరిదో భుజం వెళ్ళి డోయినాకి సరిగ్గా అదే పక్కన తగిలింది. ఆవిడ ఆడుతూనే ఉంది. ఎవరూ గమనించలేదు. నేను గమనించాను, ఎందుకంటే మూడు నెలలుగా నా పని ఆవిడ వీపుని చూడడమే. పరిగెడుతున్నప్పుడు కుడి చెయ్యి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఊపిరి పైపైనే తీస్తోంది. రెండుసార్లు తన మనిషిని వదిలేసింది, వాళ్ళు రెండూ కొట్టేశారు. స్కోరు సమానం.

విజిల్ పడింది, ఎదుటివాళ్ళకి ఫ్రీ త్రోలు. నేను ఆవిడ పక్కకి వెళ్ళాను.

"బయటికి వెళ్ళు," అన్నాను.

"నోరు ముయ్యి," అంది పళ్ళ మధ్య నుంచి. "ఇది నా ఫైనల్."

ఇరవై ఏళ్ళు దీనికోసం చూసిన మనిషి. నేనెవర్ని? నిన్నగాక మొన్న వచ్చిన ఇంపోర్టుని. పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నాను సరే, కెప్టెన్‌ని పేరు పెట్టి, అందరి ముందూ, ఆవిడ ఆఖరి మ్యాచ్‌లోంచి వెళ్ళిపొమ్మనడం ఎవరు నేర్పుతారు? కానీ ఇంకో దెబ్బ తగిలితే ఆవిడ లేవదు. ఇలాగే ఉంచితే ఆ ఫైనల్ పోతుంది, అదీ ఆవిడ మూలంగా పోతుంది. ఆ బరువు ఆవిడ జన్మంతా మొయ్యాలి.

"డోయినా!" అని అరిచాను. మా బెంచీకి వినపడేలా. "డోయినా, ఊపిరి అందట్లేదు నీకు! వెళ్ళి కట్టు కట్టించుకుని రా! పో!" మారిన్ వైపు తిరిగి, ఆవిణ్ణి మార్చమని పిడికిలి ఎత్తాను.

ఆవిడ నన్ను చూసిన చూపుకి నేను అక్కడే బూడిదైపోవాలి. మారిన్ ఒక్క క్షణం ఆలోచించి మనిషిని మార్చాడు. ఆవిడ తల దించుకుని వెళ్ళి కూర్చుంది. డాక్టరు చొక్కా పైకి లాగి కట్టు బిగించడం మొదలుపెట్టాడు. అటు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆవిడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నాలుగు నిమిషాలు. నేను చచ్చినంత పనైంది. ఆవిడ లేకుండా ఓడితే నేను ఆ ఊరికి తిరిగి వెళ్ళలేనని తెలుసు. ఒకసారి వాళ్ళు ముందు, ఒకసారి మేము ముందు. ఇంకో నలభై సెకన్లు ఉందనగా మేము ఒక్క పాయింటు ఎక్కువ. విజిల్ పడింది. డోయినా లోపలికొచ్చింది. నా మొహం చూడలేదు, మాట్లాడలేదు. నేరుగా తన చోటికి వెళ్ళి నిలబడింది.

మేము వేసిన బంతి పడలేదు. వాళ్ళ చేతికి వెళ్ళింది. పన్నెండు సెకన్లు. వాళ్ళలో అందరికన్నా బాగా షాటు కొట్టే పిల్లని కాపలా కాయడం నా పని. నేను ఆ పిల్ల కళ్ళలోకే చూస్తూ వెనక్కి పరిగెడుతున్నాను. నా వెనక ఏముందో నాకు తెలియదు. హాలంతా ఒకటే హోరు.

"దుర్గా! ఎడమ!"

ఆ హోరుని చీల్చుకుని వచ్చింది. చూడలేదు, ఆలోచించలేదు, కుడికి తప్పుకున్నాను. నా వెనక గోడలా నిలబడ్డ మనిషి నా ఎడమ భుజం పక్కన గాలిలా తప్పిపోయింది. ఆ పిల్ల నేను లేననుకుని తీరిగ్గా ఎగిరింది. నేను ఉన్నాను! వేళ్ళు చాచి ఎగిరాను. బంతి నా మధ్యవేలి కొసకి తగిలింది. రింగు దాకా వెళ్ళలేదు. టైమ్ అయిపోయిందని హారన్ మోగింది.

గెలిచాం! మావాళ్ళు బెంచీ మీంచి దూకి ఒకరి మీద ఒకరు పడుతున్నారు, మారిన్ నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు, నేను పిచ్చిదానిలా పరిగెడుతూ ఆవిడ కోసం వెతికాను. డోయినా రింగు కింద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చేతులూ పక్కకి అదిమి పట్టుకుంది. నోరు తెరిచి నవ్వుతోంది కానీ గొంతులోంచి చప్పుడు రావట్లేదు. నేను ఆవిడ ముందు కూలబడి, "కోపమా? నా మీద కోపమా?" అని అడుగుతున్నాను. ఆవిడ జవాబు చెప్పబోయి, చెప్పలేక, నా మెడ చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది.

డాక్టరు పరిగెత్తుకొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. "మాట్లాడించకు! గట్టిగా ఊపిరి పీల్చొద్దని, అస్సలు అరవొద్దని చెప్పి లోపలికి పంపాను. ఒక్క అరుపుకి మించి ఊపిరి లేదు ఈవిడ దగ్గర!"

ఉన్న ఆ ఒక్క ఊపిరీ ఆవిడ నా పేరుకి ఖర్చుపెట్టింది.